పదకొండేళ్ల పిల్లలకు ఫుట్‌బాల్‌లో అటాక్, డిఫెన్స్ ఎలా నేర్పాలి?

మీ పిల్లలంతా బంతి ఎటు పోతే అటు గుంపుగా పరుగెడుతున్నారని, ఫార్మేషన్, అంటే ఎవరెక్కడ నిలబడాలో, ఎన్నిసార్లు బోర్డు మీద గీసినా లాభం లేదని రాశారు. ఉప్పల్ దగ్గర మా కాలనీ గ్రౌండులో ఆరేళ్లుగా ఆదివారాలు పిల్లల్ని ఆడిస్తున్నాను. మొదటి ఏడాదంతా నాదీ ఇదే గోల. బోర్డు పక్కన పెట్టాకే దారి దొరికింది.

ఇప్పుడు నేను చెప్పేది ఒక్కటే. బంతి మనదైతే వడ్లు ఆరబోసినట్టు పరుచుకోవాలి, పోతే కుప్ప పోసినట్టు దగ్గరికి రావాలి. సిటీ పిల్లలకు వడ్లేం తెలుసు అంటారేమో, సెలవులకు ఊళ్లకు పోతారుగా, వెంటనే అర్థమైంది.

పరుచుకోవడం కోసం 30 మీటర్ల పొడవు, 20 మీటర్ల వెడల్పు గీసి నలుగురి మీద నలుగురిని ఆడించండి. గోల్‌పోస్టులు వద్దు. నాలుగు మూలల్లో చెప్పులతో చిన్న గేట్లు పెట్టండి, జట్టుకు రెండు. ఒక గేటు దగ్గర అవతలివాళ్లు మూగితే రెండోది ఖాళీ. మీరు అరవక్కర్లేదు, కొన్ని వారాలకు వాళ్లే తలెత్తి చూస్తారు. బంతి పోయిన వెంటనే మాత్రం అందరూ గట్టిగా ఐదు అంకెలు లెక్కపెట్టాలి. ఆలోపు తిరిగి లాక్కోవాలి, కుదరకపోతే వెనక్కి వచ్చి కుప్పగా నిలబడాలి. మా దగ్గర అసలు మార్పు తెచ్చింది ఈ లెక్కే.

డిఫెన్స్‌కి కబడ్డీని వాడుకున్నాను. రైడర్ రాగానే అందరూ మీద పడరు కదా, చేతులు పట్టుకున్న చైన్ మొత్తం కలిసి కదులుతుంది. ఇక్కడా దగ్గరున్నవాడు బంతి మీదికి పోతాడు, కానీ కాలు విసరడు. చేయి చాచినంత దూరంలో కాస్త పక్కకు తిరిగి నిలబడి దారి ఆపుతాడు. రెండోవాడు మూడు నాలుగు మీటర్లు వెనక. అవతలి అంచున ఉన్నవాడు లోపలికి జరుగుతాడు. ఇద్దరు డిఫెండర్లకు పాత చున్నీ చెరో కొస పట్టించి అటూ ఇటూ నడిపించండి. నవ్వుతారు గానీ కలిసి కదలడం అలవాటవుతుంది.

ఒక మ్యాచ్‌లో 1-1 మీద, చివరి నిమిషాల్లో, నేను టెన్షన్‌తో "బంతి మీదికి పో!" అని అరిచాను. ఇద్దరు డిఫెండర్లూ ఒకేసారి పోయారు. మధ్యలోంచి ఒక్క పాస్, గోల్. వాళ్లలో చిన్నది నా దగ్గరికొచ్చి "అంకుల్, పేరు పెట్టి చెప్పరాదా?" అంది. తప్పు నాదే. ఆ రోజు నుంచి నేను నోరు మూసుకున్నాను. వెనకున్నవాళ్లే "నేనున్నా, నువ్వు పో" అని అరుస్తారు.

1956 మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌లో భారత జట్టును సెమీఫైనల్‌కు, 1962 జకార్తా ఏషియాడ్‌లో స్వర్ణానికి తీసుకెళ్లిన మన హైదరాబాద్ కోచ్ సయ్యద్ అబ్దుల్ రహీం డ్రిబ్లింగ్ (బంతిని కాళ్లతో తోసుకుంటూ అవతలివాళ్లను దాటిపోవడం) లేని పోటీలు పెట్టేవారని ఇక్కడి పాత ఆటగాళ్లు చెబుతారు. ఈ వయసు వాళ్లకు పూర్తిగా ఆపడం నాకిష్టం లేదు. మన గోల్ దగ్గర వద్దు, వాళ్ల గోల్ దగ్గర ఎంతైనా చేసుకోండి అంటాను.

ఫార్మేషన్ అడిగారు కాబట్టి, ఏడుగురి ఆటైతే గోలీ ముందు ఇద్దరు, మధ్యలో ముగ్గురు, ముందు ఒకరు చాలు. గోలీని మాత్రం ప్రతి మ్యాచ్‌కీ మార్చండి, లేకపోతే ఆ పిల్లాడు రెండో నెలకు గ్రౌండుకే రాడు.