హోం థియేటర్ రిసీవర్: ఈ ఏటి చిన్న మోడలా, నిరుటి పెద్ద మోడలా?

కొత్తగా అమెరికా వచ్చి, ఉద్యోగంలో కుదురుకుని, అద్దె ఇంట్లో ఒక పెద్ద టీవీ పెట్టుకున్నవారికి తరువాత ఎదురయ్యే సందేహం తరచుగా ఇలాగే ఉంటుంది. టీవీ, ప్లేయర్ల ధ్వనిని తీసుకుని గదిలోని స్పీకర్లన్నిటినీ నడిపే పెట్టె రిసీవర్. చేతిలో ఉన్న డబ్బుకు అలాంటివి రెండు అందుబాటులో ఉంటాయి. ఒకటి ఈ సంవత్సరమే విడుదలైన, కంపెనీ శ్రేణిలో అన్నిటికన్నా కింద ఉండే 5.1 మోడల్, అంటే అయిదు స్పీకర్లకూ, లోతైన బేస్ పలికించే ఒక సబ్‌వూఫర్‌కూ వీలున్నది. రెండోది నిరుడో ముందటేడో వచ్చి, కొత్తది రావడంతో ధర తగ్గిన, లేదా తయారీదారే మరమ్మతు చేసి వారంటీతో అమ్ముతున్న 7.2 మోడల్, అంటే ఏడు స్పీకర్లకూ రెండు సబ్‌వూఫర్లకూ వీలున్నది. ధరలో తేడా పెద్దగా లేనప్పుడు రెండోదే కొనమని నేను చెబుతాను. అయితే ఆ మాట కొన్ని షరతులకు లోబడినది, పైగా చాలామంది చూసే షరతు వాటిలో ఉండదు.

చాలామంది చూసేది వాట్లు. ఒక డబ్బా మీద 140 అనీ, మరొకదాని మీద 80 అనీ కనిపిస్తే మొదటిదే బలమైనదని అనుకోవడం సహజమే. కానీ మాన్యువల్ చివరి పేజీల్లోని సాంకేతిక వివరాలు చదివితే, ఆ 140 వాట్లు ఒకే ఒక్క ఛానల్‌ను, అంటే ఒక్క స్పీకర్‌నే, నడిపినప్పుడు, 6 ఓమ్‌ల స్పీకర్‌తో, 1 కిలోహెర్ట్జ్ దగ్గర మాత్రమే, 10 శాతం వక్రీకరణను (ధ్వని చెడిపోవడాన్ని) అనుమతించి కొలిచినవని తేలవచ్చు. 80 వాట్లు మాత్రం రెండు ఛానళ్లను ఒకేసారి నడిపి, 8 ఓమ్‌ల స్పీకర్లతో, 20 హెర్ట్జ్ నుంచి 20 కిలోహెర్ట్జ్ వరకు, 0.08 శాతం వక్రీకరణ దాటకుండా కొలిచినవై ఉండవచ్చు. అలాంటప్పుడు చిన్న అంకె ఉన్న రిసీవరే గట్టిది. ఈ అంకెల గారడీని అదుపు చేయడానికి ఫెడరల్ ట్రేడ్ కమిషన్ 1974లోనే ఒక నియమం తెచ్చి 2024లో దాన్ని సవరించిందంటే, ఈ తంతు ఎంత పాతదో ఊహించుకోవచ్చు. ఇక ఒకే పద్ధతిలో కొలిచిన 80, 100 వాట్ల మధ్య తేడా దాదాపు 1 డెసిబెల్. చెవికి అది తెలిసీ తెలియనంత. వాట్లు రెట్టింపైనా పెరిగేది 3 డెసిబెల్‌లే, అదే ఫలితం 87 డెసిబెల్‌ల సున్నితత్వం (అంతే కరెంటుకు ఎంత బిగ్గరగా పలుకుతుందన్న కొలత) ఉన్న స్పీకర్‌కు బదులు 90 ఉన్నది ఎంచుకున్నా వస్తుంది. కాబట్టి వాట్ల కోసం రిసీవర్ మీద అదనంగా ఖర్చు పెట్టడం నా దృష్టిలో దండగ.

అసలు షరతులు వెనకవైపు హెచ్‌డీఎంఐ సాకెట్ల దగ్గర మొదలవుతాయి. మీరు సినిమాలన్నీ టీవీలోని ఓటీటీ యాప్‌లలోనే చూసేవారైతే, మామూలు ఏఆర్‌సీ (టీవీ ధ్వనిని హెచ్‌డీఎంఐ తీగ గుండానే రిసీవర్‌కు వెనక్కి పంపే మార్గం) కూడా డాల్బీ డిజిటల్ ప్లస్ అనే కుదించిన రూపంలో ఉన్న అట్మాస్ ధ్వనిని, అంటే తల పైనుంచి కూడా వినిపించే ధ్వనిని, రిసీవర్‌కు పంపగలదు; అందుకు టీవీ, రిసీవర్ రెండూ అట్మాస్‌ను గుర్తించాలి. బ్లూ-రే ప్లేయర్‌ను టీవీకి కలిపి, అక్కడి నుంచి నాణ్యత తగ్గని డాల్బీ ట్రూహెచ్‌డీ ధ్వనిని తెప్పించుకోవాలంటే మాత్రం ఏఆర్‌సీకి మెరుగైన రూపమైన ఈఏఆర్‌సీ తప్పనిసరి. అదే ప్లేయర్‌ను నేరుగా రిసీవర్‌కు కలిపితే ఆ ప్రశ్నే రాదు. గేములు ఆడేవారు మాత్రం పాత మోడల్ విషయంలో కాస్త జాగ్రత్తగా ఉండాలి. హెచ్‌డీఎంఐ 2.1తో 2020లో వచ్చిన తొలి రిసీవర్లు కొన్నింటిలో, కొన్ని గేమ్ కన్సోళ్ల నుంచి 4కే, 120 హెర్ట్జ్ చిత్రం వస్తే తెర నల్లబడేది. ఆ కాలపు మోడల్ చవకగా దొరికితే, ఆ లోపం సరిచేసినదో కాదో తెలుసుకున్నాకే కొనాలి.

నిరుటి పెద్ద మోడల్ వైపు నేను మొగ్గడానికి ముఖ్య కారణం గదిని కొలిచి ధ్వనిని సరిదిద్దే సదుపాయం. అడుగు శ్రేణి రిసీవర్లలోనూ మైక్ ఇస్తారు, కానీ వాటిలోని దిద్దుబాటు ముతకగా ఉంటుంది. పై శ్రేణిలోని ఆడిస్సీ మల్ట్ఈక్యూ ఎక్స్‌టీ32, డిరాక్ లైవ్ వంటివి ముఖ్యంగా బేస్ విషయంలో ఎంతో సూక్ష్మంగా పనిచేస్తాయి. అద్దె ఇంట్లో స్పీకర్లను మనం కోరుకున్న చోట పెట్టే వీలుండదు. హాలుకు ఒకవైపు గోడ, మరోవైపు తెరిచి ఉన్న వంటగది అన్నప్పుడు ఈ తేడా స్పష్టంగా వినిపిస్తుంది. కొలిచేటప్పుడు మైక్‌ను సోఫా మీద పడేయకుండా, స్టాండ్‌కు బిగించి కూర్చున్న మనిషి చెవి ఎత్తున ఉంచాలి, ఏసీ ఆపాలి, పిల్లలను కాసేపు వేరే గదిలో ఉంచాలి. కొలత పూర్తయ్యాక చిన్న స్పీకర్లను కూడా రిసీవర్ ‘లార్జ్’ అని, అంటే లోతైన బేస్‌ను తామే మోయగలవని, నిర్ణయిస్తుంటుంది. దాన్ని ‘స్మాల్’కు మార్చి, క్రాసోవర్‌ను (ధ్వనిని స్పీకర్లకూ సబ్‌వూఫర్‌కూ పంచే హద్దును) 80 హెర్ట్జ్ దగ్గర పెడితే, లోతైన బేస్ పని సబ్‌వూఫర్‌కు పోయి సంభాషణలు తేటపడతాయి.

7.2 అన్న అంకెను చూసి మాత్రం మురిసిపోనక్కరలేదు. అందులోని 2 చాలా మోడళ్లలో ఒకే సంకేతాన్ని రెండు సాకెట్లకు పంచడమే. ఏడింటిలో అయిదు పోగా మిగిలిన రెండు ఛానళ్లను వెనక స్పీకర్లకు కాకుండా పైకప్పు స్పీకర్లకు ఇచ్చి 5.1.2గా (చివరి 2 పైకప్పువి) వాడుకుంటేనే అట్మాస్‌కు ఉపయోగం. పైకప్పుకు మేకు కొట్టనివ్వని అద్దె ఇంట్లో ఇప్పుడే ఆ రెండూ కొనాల్సిన పని లేదు. చెక్క ఫ్రేముల అపార్ట్‌మెంట్‌లో ఉండేవారు రాత్రిపూట పెద్ద శబ్దాలను అణచి మాటలను పెంచే డైనమిక్ రేంజ్ కంప్రెషన్‌ను వాడుకోవడం నేర్చుకుంటే, కింది అంతస్తు వారి ఫిర్యాదులు తగ్గుతాయి.

కొన్నేళ్లకు తిరిగి ఇండియా వెళ్లే ఆలోచన ఉన్నవారి లెక్క వేరు. ఇక్కడ అమ్మే రిసీవర్ వెనక సాధారణంగా 120 వోల్టులు, 60 హెర్ట్జ్ అని రాసి ఉంటుంది. అక్కడి 230 వోల్టులకు దాన్ని నేరుగా కలిపితే పాడైపోతుంది. స్టెప్‌డౌన్ ట్రాన్స్‌ఫార్మర్‌తో నడిపించవచ్చు గానీ, రిసీవర్ వాడే కరెంటును మించిన సామర్థ్యం గలది కొనాలి, ఆ బరువూ అదనం. సొంత ఆంప్లిఫయర్ ఉన్న సబ్‌వూఫర్‌కూ ఇదే బాధ. ముందు, మధ్య, పక్క స్పీకర్లకు కరెంటు ప్లగ్గే లేదు కనుక వాటికి ఏ దేశమైనా ఒకటే. అందుకే పెద్ద మోడల్ కొంటే స్పీకర్ల డబ్బుకు కోత పడుతుందనుకున్న రోజున నా సలహా తిరగబడుతుంది: కావలసిన సాకెట్లు ఉన్న చిన్న రిసీవరే తీసుకుని, మిగిలిందంతా స్పీకర్లకు పెట్టండి. వెళ్లేనాడు రిసీవర్‌నూ సబ్‌వూఫర్‌నూ ఇక్కడే అమ్మేసి, స్పీకర్లను సామానుతో పాటు పంపి, అక్కడి వోల్టేజీకి తగిన రిసీవర్‌ను అక్కడే కొనుక్కోవచ్చు.