మొగలో తెల్లతల గల్: ఏదని తేల్చుకోవాలి?

ప్రశ్న: ఒడిశాలో ఋషికుల్య నది సముద్రంలో కలిసే మొగలో బ్రౌన్ హెడెడ్ గల్స్ (తీరాన తిరిగే నీటి పిట్టలు) గుంపు మధ్య తల తెల్లగా, ముక్కు పొడుగ్గా ఉన్న గల్ ఒకటి కనిపించింది. ఫొటోలో చెవి దగ్గర మచ్చ కూడా లేదు. స్లెండర్ బిల్డ్ గల్ అనుకోవచ్చా?
– ఒక పాఠకుడు, బరంపురం

జవాబు: ఆ ఒక్క ఫొటోతో అనుకోలేం. స్లెండర్ బిల్డ్ గల్ చలికాలంలో గుజరాత్ తీరాన బాగానే దొరుకుతుంది, మన తూర్పు తీరానికి రావడం అరుదు. కాబట్టి ముందు మామూలు గల్స్‌ని, అంటే బ్రౌన్ హెడెడ్, బ్లాక్ హెడెడ్‌లని, ఒక్కొక్కటే కాదని తేల్చుకుంటూ రావాలి.

మచ్చ సంగతి వదిలేయండి. ఎండలో ఎక్స్‌పోజర్ కాస్త ఎక్కువైతే చాలు, కంటి వెనక లేత బూడిద మచ్చ ఫొటోలో చెరిగిపోతుంది. కెమెరాలో ఎక్స్‌పోజర్ కాంపెన్సేషన్ మైనస్ 0.7 పెట్టి తీయండి. పైగా స్లెండర్ బిల్డ్‌కీ చలికాలంలో లేత మచ్చ ఉండొచ్చు.

మొదట చూడాల్సింది రెక్క. ఎదిగిన బ్రౌన్ హెడెడ్‌కి రెక్క కొస నల్లగా ఉండి, ఆ నలుపులో తెల్ల మచ్చలుంటాయి. బ్లాక్ హెడెడ్‌కీ స్లెండర్ బిల్డ్‌కీ రెక్క ముందంచున తెల్ల పట్టీ, కొసన సన్నటి నలుపు. కూర్చున్న పిట్టలో ఇది తెలియదు. లేచేటప్పుడు షట్టర్ 1/2000 పెట్టి వరసగా తీయాలి. తొలి ఏడాది బ్రౌన్ హెడెడ్‌కి ఆ తెల్ల మచ్చలు ఉండవు, కన్ను కూడా నల్లగానే ఉంటుంది. చాలామంది బోల్తాపడేది ఇక్కడే.

బ్రౌన్ హెడెడ్ కాదని తేలాక తల చూడండి, పక్కనుంచి. స్లెండర్ బిల్డ్ నుదురు గుండ్రంగా ఉండదు, ఏటవాలుగా ముక్కు మీదికి దిగుతుంది. ఎదిగిన పిట్టకైతే కన్ను లేత రంగు. బ్లాక్ హెడెడ్‌కి తల గుండ్రం, కన్ను నలుపు. అయితే బెదిరిన బ్లాక్ హెడెడ్ మెడ చాచినా తల సాగినట్టే కనిపిస్తుంది. గుంపు కుదుటపడేదాకా ఆగి మళ్లీ చూడండి.

మార్చి చివర్లో పని కొంత సులువు. మిగతా రెండింటికీ తలకు ముదురు టోపీ వస్తుంది, స్లెండర్ బిల్డ్‌కి ఏ కాలంలోనూ రాదు. టోపీ రాని కుర్ర పిట్టలు అప్పుడూ ఉంటాయనుకోండి.

ప్రశ్న: ఋషికుల్య మొగకి ఏ వేళకి వెళితే గల్స్ దగ్గరగా కనిపిస్తాయి?
– ఒక పాఠకురాలు, గోపాల్‌పూర్

జవాబు: గడియారం కాదు, పోటు చూసుకుని వెళ్లండి. నిండు పోటుకు రెండు గంటల ముందు చేరితే, నీరెక్కే కొద్దీ పిట్టలన్నీ మిగిలిన ఇసుక మేటల మీదికి జరుగుతాయి. పోటు రోజుకు సుమారు 50 నిమిషాలు ఆలస్యమవుతుంది. అమావాస్య, పౌర్ణములకు మేటలే మునిగిపోవచ్చు, ఇంకా ముందే వెళ్లాలి. మొగ ఏటా కదులుతుంది కనుక నిరుటి చోటు నమ్ముకోవద్దు.

పొద్దున గట్టు మీంచి సముద్రం వైపు చూస్తే ఎండ ఎదురు, పిట్టలన్నీ నల్లబొమ్మలే. ఆ పోటు సాయంత్రం పడే రోజు ఎంచుకోండి. పొద్దున తొమ్మిది దాటాక ఇసుక సెగకి స్కోపులో బొమ్మ అల్లాడుతుంది, 60 రెట్లు పెట్టినా దండగే, 25 చాలు.

ఫిబ్రవరి, మార్చిల్లో ఆలివ్ రిడ్లే తాబేళ్లు గుడ్లు పెట్టే తీరమది. అటవీ సిబ్బందిని అడగకుండా ఇసుకలోకి దిగకండి.