ప్రతి ధరనీ మన డబ్బులోకి మార్చి చూడాలా?

పరాయి దేశంలో మొదటి నెలల్లో దాదాపు అందరికీ వచ్చే సందేహం ఇది. షాపులో ఏది చేతికి తీసుకున్నా మనసు వెంటనే గుణకారం మొదలుపెడుతుంది. "అమ్మో, మన లెక్కలో ఇంతా!" అని వెనక్కి పెట్టేస్తాం. ఇంకోరోజు జీతాన్ని కూడా అలాగే గుణించుకుని, ఇంత సంపాదిస్తున్నాం కదా, ఇదో లెక్కా అని కొనేస్తాం. ఏళ్ల తరబడి కొత్తగా వచ్చినవాళ్లని చూస్తున్నాను. ఈ గుణకారంతో పొదుపు చేసినవాళ్ల కంటే, అవసరమైనది మానుకుని అక్కర్లేనిది కొన్నవాళ్లే నాకు ఎక్కువగా కనిపించారు. అందుకే సూటిగా చెబుతున్నాను: ఇక్కడ సంపాదించి ఇక్కడే ఖర్చు పెట్టే డబ్బుకి మారకం రేటుతో పని లేదు.

కారణం చాలా సులువు. మారకం రేటుతో గుణించినప్పుడు అన్ని ధరలూ ఒకే లెక్కన పెరుగుతాయి, జీతం కూడా అంతే పెరుగుతుంది. బస్సు పాసుకీ బూట్లకీ మధ్య ఉన్న నిష్పత్తి మారదు. మీ జీతంతో ఏమేం కొనగలరో ఆ జాబితా కూడా మారదు. మారేది మన గుండెదడ ఒక్కటే. ఒక వస్తువు కొనాలా వద్దా అన్నది తేలాలంటే, అదే డబ్బుతో ఇక్కడ ఇంకేం వస్తుందో తెలియాలి. అర్థశాస్త్రంలో దీన్ని అవకాశ వ్యయం అంటారు.

పైగా దేశం మారితే ధరలు అన్నీ ఒకేలా మారవు. జీతాలు ఎక్కువున్న దేశాల్లో మనిషి చేతి పని బాగా ఖరీదు. జుట్టు కత్తిరించడం, మరమ్మతు, ఇల్లు శుభ్రం చేయడం లాంటివి. ఫ్యాక్టరీలో తయారై ఓడల్లో దేశాలు దాటే వస్తువుల్లో అంత తేడా ఉండదు. దీనికి కారణాన్ని బెలా బలాసా, పాల్ శామ్యూల్‌సన్ అనే ఆర్థికవేత్తలు 1964లో విడివిడిగా వివరించారు. అందువల్ల పాత అలవాటుని యథాతథంగా మోసుకొస్తే నష్టం. మనిషిని పెట్టి చేయించుకున్న పనులు కొన్ని మీరే నేర్చుకోవలసి వస్తుంది, అపురూపంగా అనిపించిన యంత్రం ఒకటి కొనుక్కోవడమే తెలివైన పని అవుతుంది.

"సరే, గుణించడం మానేశాం. మరి దేనికెంత పెట్టాలి?" ఈ ప్రశ్నకి మంచి జవాబు 1854లోనే ఉంది. హెర్మన్ గోసెన్ అనే జర్మన్ రాసిన పుస్తకాన్ని అప్పట్లో ఎవరూ పట్టించుకోలేదు, మిగిలిన ప్రతుల్ని ఆయనే వెనక్కి తీసుకున్నాడు. ఆయన చెప్పినవి రెండు ముక్కలు. ఒకే వస్తువు ఇంకొకటి, ఇంకొకటి అని చేరుతున్నకొద్దీ దాని వల్ల అదనంగా వచ్చే తృప్తి తగ్గుతుంది. మన పాఠ్యపుస్తకాల్లో దీని పేరు క్షీణోపాంత ప్రయోజన సూత్రం. రెండోది సమోపాంత ప్రయోజన సూత్రం: దేని మీద పెట్టిన చివరి డబ్బు అయినా సమానమైన తృప్తి ఇచ్చేలా పంచుకుంటే మొత్తం తృప్తి గరిష్ఠంగా ఉంటుంది.

చలిదేశానికి వచ్చారనుకోండి. మొదటి చలికోటు ఇచ్చే సుఖం ఇంతా అంతా కాదు, అది లేకపోతే బయటికే వెళ్లలేరు. రెండోది ఉతుకులో ఉన్న రోజున పనికొస్తుంది. మూడోది ఎక్కువగా అల్మారాలోనే ఉంటుంది. కోటు ధర ఒక రైలు ప్రయాణానికి నాలుగు రెట్లు అనుకుందాం. అప్పుడు ఆ కోటు ఇచ్చే తృప్తి కూడా ఒక ప్రయాణానికి కనీసం నాలుగు రెట్లు ఉండాలి. మొదటి కోటు ఈ పరీక్షలో తేలిగ్గా నెగ్గుతుంది, మూడోది నెగ్గదు. దీనికి కాగితం, పెన్ను అక్కర్లేదు. కొనేముందు "ఈ డబ్బే ఇంకోచోట పెడితే ఇంతకంటే సంతోషమా?" అని అడిగితే చాలు.

ఆఫర్లని కూడా ఇలాగే చూడండి. రెండు కొంటే మూడోది ఉచితం అన్నప్పుడు మనం మూడోదాని ధర సున్నా అనుకుని మురిసిపోతాం. మీకు కావలసింది ఒకటే అయితే, ఆ ఒక్కదానికి రెండింటి ధర కట్టినట్టే. నెలవారీ పాసు విషయం మాత్రం వేరు. కొనేముందు ఎన్నిసార్లు వాడతారో గట్టిగా అంచనా వేయండి. కొన్నాక ప్రతి అదనపు ప్రయాణానికి ఖర్చు సున్నా, కాబట్టి కాస్త సరదా ఉన్నా వెళ్లిరండి. కానీ డబ్బు కట్టేశాం కదా అని జ్వరంతో కూడా వెళ్లొద్దు. కట్టిన డబ్బు వెళ్లినా రాదు, మానినా రాదు.

"నచ్చకపోతే వాపసు ఇచ్చేయొచ్చు" అన్న ధైర్యంతో కొనేవాళ్లకి ఒక మాట. డేనియల్ కానమన్, జాక్ నెచ్, రిచర్డ్ థేలర్ అనే పరిశోధకులు 1990లో ప్రచురించిన ప్రయోగాల్లో కొందరికి మగ్గులు ఇచ్చి, ఎంతకి అమ్ముతారని అడిగారు. మగ్గు లేనివాళ్లు ఇవ్వజూపిన ధరకి దాదాపు రెట్టింపు అడిగారు వాళ్లు. మనదయ్యాక వదలబుద్ధి కాదన్నమాట. అందుకని వాపసు సౌకర్యాన్ని నమ్ముకుని ఇంటికి తెచ్చుకునే బదులు, నిర్ణయం షాపులోనే తీసుకోండి.

ఇక ఇంటి అద్దె. కొత్తవాళ్లు నన్ను ఎక్కువగా అడిగేదీ, నేను ఎక్కువసేపు మాట్లాడేదీ దీని గురించే. దూరంగా ఉంటే అద్దె తక్కువ, నిజమే. కానీ ఆర్థికవేత్త గేరీ బెకర్ 1965లో చెప్పినట్టు ఒక వస్తువు అసలు ధరలో డబ్బుతోపాటు దానికి పట్టే సమయం కూడా కలిసి ఉంటుంది. రోజుకి అదనంగా గంటన్నర ప్రయాణం అనుకుంటే, నెలకి 22 పనిదినాలకి 33 గంటలు. అద్దెలో మిగిలే డబ్బులోంచి రవాణా ఖర్చు తీసేసి, ఆ మిగిలినదాన్ని 33తో భాగించండి. గంటకి అంత ఇస్తానంటే మీరు ఆ ప్రయాణం చేస్తారా? చేస్తానంటే దూరపు ఇల్లే మీకు సరైనది, ఎవరేమన్నా పట్టించుకోకండి. రైల్లో హాయిగా చదువుకునేవాడికి వచ్చే జవాబు, చంటిపిల్ల ఇంట్లో ఉన్న తల్లికి రాదు. ఇద్దరూ తమ లెక్కలో సరిగ్గానే ఉంటారు.

ముందే వచ్చి స్థిరపడినవాళ్లని చూసి బడ్జెట్ వేసుకోకండి. ఆదాయం పెరిగేకొద్దీ అందులో తిండికయ్యే వాటా తగ్గుతుందని ఎర్నెస్ట్ ఎంగెల్ అనే జర్మన్ గణాంకవేత్త 1857లోనే చూపించాడు. పదేళ్ల ఉద్యోగం ఉన్నవాళ్ల ఖర్చుల నిష్పత్తి మీకు ఇప్పుడు కుదరదు, కుదరనందుకు టెన్షన్ పడక్కర్లేదు. చిన్న వస్తువులకి పది షాపులు తిరగడం కూడా వద్దు. ఆర్థికవేత్త హెర్బర్ట్ సైమన్ చెప్పినట్టు, సరిపోయేది దొరికితే అక్కడితో ఆగడంలో తప్పు లేదు. ఆ ఓపిక అద్దె ఒప్పందానికీ, వాహనానికీ, బీమాకీ దాచుకోండి.

బీమా దగ్గర మాత్రం పిసినారితనం వద్దని బతిమాలి చెబుతాను. చేతిలో డబ్బు తక్కువున్నప్పుడు ప్రతి నోటు విలువా ఎక్కువని డేనియల్ బెర్నూలీ అనే గణితవేత్త 1738లో రాశాడు. ఆదుకునే బంధువులు దగ్గర లేని చోట పెద్ద ఆసుపత్రి బిల్లు వచ్చేది సరిగ్గా అలాంటి సమయంలోనే. ఆ రోజు పోయే డబ్బు ఇచ్చే బాధ, ఈ రోజు కట్టే ప్రీమియం ఇచ్చే బాధ కంటే ఎన్నో రెట్లు పెద్దది.

మరి మారకం రేటు ఎక్కడా వద్దా? కావాలి. ఇంటికి పంపే డబ్బుకి, అక్కడ తీర్చాల్సిన అప్పుకి, రెండు చోట్లా దొరికే వస్తువు ఎక్కడ కొనాలన్న ప్రశ్నకి తప్పకుండా గుణించండి. అమ్మానాన్నలకి పంపేది కూడా మీకు తృప్తినిచ్చే ఖర్చే. నెలాఖరున మిగిలితే చూద్దాం అనుకోకుండా, జీతం వచ్చిన రోజే దాన్ని మిగతా అవసరాల పక్కన పెట్టి తూచండి. అప్పు మీద వడ్డీ, పొదుపు మీద వచ్చే వడ్డీ కంటే ఎక్కువైతే, బీమా కట్టి, రెండు మూడు నెలల ఖర్చు చేతిలో ఉంచుకుని, మిగిలినదంతా ముందు ఆ అప్పుకే పంపండి.