బురుజు మీద నల్ల మచ్చలు

ప్రశ్న: సార్, నేను కర్నూలులో బీటెక్ మూడో ఏడాది. గ్రాఫిక్స్ ప్రాజెక్టుకి కొండారెడ్డి బురుజుని బ్లెండర్ అనే సాఫ్ట్‌వేర్‌లో త్రీడీ మోడల్ చేస్తున్నాను. ఎలాగో నిలబెట్టాను గానీ, స్మూత్ షేడింగ్ పెట్టి లైటు వేస్తే గోడ మీద అక్కడక్కడా నల్ల మచ్చలు. గ్రాఫిక్స్ కార్డు కొనాలంటోంది మా ఫ్రెండ్. లెక్కలంటే నాకు భయం కూడా. ఏం చెయ్యమంటారు?

జవాబు: కార్డుకి డబ్బు తగలెయ్యకమ్మా, నాకు అనుమానం నార్మల్స్ మీదే, అంటే గోడ పలకలు ఎటు చూస్తున్నాయో చెప్పే బాణాల మీద. మోడల్‌లో రాళ్లూ సున్నమూ ఉండవు కదా, బిందువులు, వాటిని కలిపే గీతలు, వాటి మధ్య పరిచిన పలకలు, అంతే. ఏ పలకకి బయటి వైపు ఏదో కంప్యూటర్‌కి తెలిసేది దాని మూలల్ని మనం ఏ వరసలో చెప్పామన్నదాన్ని బట్టి. బయటినుంచి చూసినప్పుడు గడియారం ముల్లుకి ఎదురు తిరిగితే సరి. రెండు అంచులకి క్రాస్ ప్రొడక్ట్ చేస్తే వచ్చే బాణమే నార్మల్. అవును, ఇంటర్ మొదటి ఏడాదిలో ఇదెందుకురా బాబూ అని తిట్టుకుంటూ చేసిన లెక్కే. గోడ నున్నగా కనబడాలని పక్కపక్క పలకల బాణాలకి సగటు తీస్తారు, అందులో ఒకటి వీధిలోకీ ఒకటి బురుజు లోపలికీ చూస్తుంటే లెక్క గల్లంతై అక్కడ మచ్చ పడుతుంది.

బ్లెండర్‌లో ఓవర్‌లేస్ మెనూలో ఫేస్ ఓరియెంటేషన్ ఆన్ చెయ్యి, తిరగబడిన పలకలు ఎర్రగా కనబడతాయి. ఎడిట్ మోడ్‌లో అన్నీ సెలెక్ట్ చేసి ముందు మెర్జ్ బై డిస్టెన్స్ కొట్టు (ఒకే చోట రెండు బిందువులు కూర్చున్నా ఇలాంటి గోలే), తర్వాత షిఫ్ట్ ఎన్ నొక్కు, బాణాలన్నీ బయటికి తిరుగుతాయి.

లెక్కల భయమంటావా, కూడికా తీసివేతా వస్తే మొదలుపెట్టొచ్చు. 32 పక్కల సిలిండర్ తీసుకో: బిందువులు 64, గీతలు 96, పలకలు పైదీ కిందిదీ కలిపి 34. బిందువుల్లోంచి గీతలు తీసేసి పలకలు కలిపితే 2. బెజ్జం లేకుండా మూసుకున్న ఆకారానికి ఎప్పుడూ అదే వస్తుంది, ఆయిలర్ సూత్రం. బురుజుకి ఈ పక్కనుంచి ఆ పక్కకి దారి తొలిస్తే 0 రావాలి. రాలేదా, ఎక్కడో పలక ఊడిందేమో చూడు.

బురుజు అయ్యాక ఇంట్లో చెంబు మొదలుపెట్టు. సగం అంచు గీసి స్పిన్ తిప్పితే చాలు, అడుగు మాత్రం మర్చిపోకు. 1975లో యూటా యూనివర్సిటీలో మార్టిన్ న్యూయెల్ చేసిన టీపాట్, ఇప్పటికీ గ్రాఫిక్స్ వాళ్లంతా వాడేదే, దానికే మొదట్లో అడుగు లేదు.