సంతకం పైన ఏముందో ముందు చూడండి

ప్రశ్న: మాది కర్నూలు. నేను రిటైర్డ్ టీచర్ని. ఇరవై మూడు నెలల కిందట ఫ్రిజ్ దగ్గర షార్ట్ సర్క్యూట్ అయి వంటిల్లు, హాలు కాలిపోయాయి. మా అమ్మ ఫోటో కూడా మిగల్లేదు. హోమ్ లోన్ తీసుకున్నప్పుడు బ్యాంకువాళ్లే నా పేరున ఇంటికి ఇన్సూరెన్స్ చేయించారు. క్లెయిమ్ పని మా మరిది చూసుకున్నాడు. కంపెనీ ఎలాగూ సగం కోస్తుందని మేస్త్రి చేత 6.20 లక్షలకు ఎస్టిమేట్ వేయించాడు. మా ఇంట్లో నేలకు ఉన్నవి చవకైన బేతంచెర్ల బండలైతే అందులో గ్రానైట్ అని రాయించాడు. నేను ఖాళీ క్లెయిమ్ ఫారం మీద సంతకం పెట్టి ఇచ్చేశాను. బాగుచేయించడానికి నిజంగా అయిన ఖర్చు 3.40 లక్షలు. నష్టం లెక్కకట్టడానికి వచ్చిన సర్వేయర్ 2.36 లక్షలు తేల్చాడు. ఫుల్ అండ్ ఫైనల్ వోచర్ (ఇంతటితో సరి, ఇంకేమీ అడగనని రాసిచ్చే కాగితం) మీద సంతకం పెడితేనే డబ్బు ఇస్తామని కంపెనీ ఉత్తరం రాసి పంతొమ్మిది నెలలైంది. నేను సంతకం పెట్టలేదు, ఉత్తరాలు రాస్తూ తిరుగుతున్నాను. ఇప్పుడు తెలిసినాయన ఒకరు గ్రానైట్‌కు పాత తేదీతో జీఎస్టీ బిల్లు ఇప్పిస్తానని, కన్స్యూమర్ కోర్టులో మొత్తం వస్తుందని అంటున్నారు. అందరూ పెంచే రాస్తారు కదా, అది తప్పా? చాలా టెన్షన్‌గా ఉంది, ధైర్యం చెప్పండి.

జవాబు: అమ్మా, మీ ఉత్తరం నాలుగు పేజీలు. పైన ఇచ్చింది దాని సారాంశం. రెండు పేజీలు మీకూ మీ మరిదికీ వచ్చిన మాటపట్టింపుల గురించే రాశారు. కేసు తేలేది వాటితో కాదు. మీరు సంతకం పెట్టిన ఆ ఫారంలో ఏం నింపారు? దాని కాపీ మీ దగ్గర ఉందా? నాలుగు పేజీల్లో ఎక్కడా ఆ మాట లేదు.

ఎస్టిమేట్ అంటే బాగుచేయడానికి ఇంత కావచ్చని మేస్త్రి వేసిన లెక్క. అది ఎక్కువైనంత మాత్రాన మోసం అనరు. దాన్ని సరిచూడటానికే సర్వేయర్ వస్తాడు. కానీ క్లెయిమ్ ఫారంలో ఏమేం దెబ్బతిన్నాయో రాసేచోట గ్రానైట్ అని ఉంటే సంగతి వేరు. అది మీ ఇంట్లో ఏముండేదో మీ సంతకంతో మీరు చెప్పిన మాట అవుతుంది, ఆ మాట అబద్ధం. క్లెయిమ్‌లో ఏ కొంత మోసం ఉన్నా, తప్పుడు ప్రకటన వాడినా పాలసీ కింద రావలసినదంతా పోతుందని ఇంటి, అగ్నిప్రమాద పాలసీల్లో షరతు ఉంటుంది. పెంచినంత వరకే కోసి మిగతాది ఇస్తారని చాలామంది అనుకుంటారు. షరతు అలా లేదు. నిజంగా కాలినదాని డబ్బు కూడా దాంతోపాటే పోతుంది.

2009 అక్టోబరులో తుంగభద్ర, హంద్రీ పొంగి మన ఊరు మునిగిన తర్వాత నా దగ్గరికి ఒక దుకాణదారు వచ్చారు. గోడ మీద బురద గీత నాలుగో అర దాకానే ఉంది. ఆయన ఆరో అరలోని సరుకు కూడా పోయినట్టు జాబితా ఇచ్చారు. సర్వేయర్ ఆ గీతను ఫోటో తీసుకున్నాడు. నాలుగు అరల సరుకు నిజంగానే నాశనమైంది, దానికీ రూపాయి రాలేదు. నేను ఆయన తరఫున వాదించి ఓడిపోయాను. "అందరూ పెంచే రాస్తారు కదా" అని ఆయన కూడా అన్నారు. వినియోగదారుల కమిషన్ (మీరన్న కన్స్యూమర్ కోర్టు) ముందు ఆ మాట ఎందుకూ పనికిరాదు. అందరూ రాస్తారన్నది నిజమే అయినా, నష్టం నిజంగా జరిగినవాళ్లను కూడా కంపెనీలు అనుమానంగా చూడటానికి అదే కారణం. మీకు జరిగిన కోతలో దాని వాటా కొంత ఉంది.

ఇక ఆ పాత తేదీ బిల్లు. ఆ పని చేయకండి. ఆ బిల్లు తెస్తానన్న మనిషిని మళ్లీ ఇంటికి రానివ్వకండి. బిల్లు మీద ఉండే జీఎస్టీ నంబరును పోర్టల్‌లో ఎవరైనా వెతకవచ్చు. ఆ దుకాణం ఎప్పుడు రిజిస్టర్ అయిందో అక్కడే కనిపిస్తుంది. సర్వేయర్ మీ నేలను కళ్లతో చూసి ఫోటోలు తీసుకుని వెళ్లాడు. మీ గృహప్రవేశం ఆల్బమ్‌లో కూడా బేతంచెర్ల బండలే ఉంటాయి. దొంగ బిల్లు సృష్టించడం, దాన్ని నిజమని వాడటం, మోసం చేయడం, ఇవన్నీ భారతీయ న్యాయ సంహిత కింద నేరాలు. మోసానికి 318(4) సెక్షన్, మోసం కోసం ఫోర్జరీకి 336(3) సెక్షన్, రెండింటికీ ఏడేళ్ల దాకా జైలు. ఇప్పటిదాకా కంపెనీ మీ మీద మోసం మాట ఎత్తలేదు, 2.36 లక్షలు ఇస్తామనే అంది. ఈ బిల్లు పెడితే ఆ ఒప్పుకున్న డబ్బు కూడా చేజారుతుంది.

పంతొమ్మిది నెలలు ఉత్తరాలు రాస్తూ కూర్చోవడం మీ రెండో తప్పు. మొదటిది ఖాళీ ఫారం మీద సంతకం. ముప్పై ఏళ్లు పిల్లలకు చదువు చెప్పినవారు చేయవలసిన పని కాదది. ఎన్ని రిమైండర్లు రాసినా కేసు వేసే గడువు పెరగదు. పాలసీదారుల ఫిర్యాదులు తేల్చే ఇన్సూరెన్స్ అంబుడ్స్‌మన్ దగ్గరికి వెళ్లి ఉంటే ఫీజు లేకుండా, లాయరు లేకుండా తేలేది. ఆంధ్రప్రదేశ్‌కు ఆ ఆఫీసు హైదరాబాదులో ఉంది. కంపెనీ జవాబు వచ్చిన ఏడాది లోపు వెళ్లాలి, ఆ దారి మీకు దాదాపు మూసుకుపోయింది. మిగిలింది కర్నూలు జిల్లా వినియోగదారుల కమిషన్. 2019 వినియోగదారుల రక్షణ చట్టం 69వ సెక్షన్ ప్రకారం కేసు వేసే గడువు వివాదానికి కారణం తలెత్తిన రోజు నుంచి రెండేళ్లు.

కంపెనీ ఉత్తరం తేదీ నుంచి లెక్కిస్తే మీకు ఐదు నెలలున్నాయి. ఆ లెక్కే సరైనదని నేను వాదిస్తాను. కానీ అవతలి లాయరు మంటలు అంటుకున్న రోజు నుంచే లెక్కపెడతాడు. అలా చూస్తే మీకు ఒక్క నెలే ఉంది. ఆలస్యానికి తగిన కారణం చూపిస్తే కమిషన్ మన్నించవచ్చు, కానీ మీరు చూపగల కారణం ఏముంది? ఆఫీసు చుట్టూ తిరిగానన్నది సరిపోదు. అందుకని ఈ నెలలోనే కేసు వేయండి, ఆ వాదనకే చోటు లేకుండా పోతుంది.

రేపే కంపెనీకి స్పీడ్ పోస్టులో రాయండి. క్లెయిమ్ ఫారం, సర్వేయర్ రిపోర్టు, షరతులతో కూడిన పూర్తి పాలసీ కాపీలు అడగండి. సర్వేయర్ రిపోర్టు కాపీ అడిగే హక్కు మీకు ఉంది. అదే ఉత్తరంలో, మీ ఇంట్లో ఉన్నవి బేతంచెర్ల బండలని, ఎస్టిమేట్‌లో గ్రానైట్ అన్నది తప్పని, మీరు కోరేది అసలు ఖర్చు మాత్రమేనని స్పష్టంగా రాయండి. ఎందుకు అలా రాశారో కథ అల్లకండి. ఫారంలో కూడా గ్రానైట్ అని ఉంటే కంపెనీ దాన్ని పట్టుకోవచ్చు, ఆ ప్రమాదం ఉందని ముందే చెబుతున్నాను. అయితే సర్వేయర్ ఆ నేలను చూసి, అసలు బండల లెక్కనే వేసి, కంపెనీ ఆ మొత్తం ఇవ్వడానికి ఒప్పుకుంది. మీ తప్పును మీరే సరిదిద్దుకున్న కాగితం కేసుకు ముందు తేదీతో ఉంటే మన మాటకు బలం వస్తుంది.

ఆ 3.40 లక్షలను కూడా ఒకసారి విడదీయండి. పాత చెక్క అల్మారా కాలితే దాని స్థానంలో మాడ్యులర్ కిచెన్ వేయించారా? అయితే ఆ తేడా తీసేయండి. కాలకముందు ఇల్లు ఎలా ఉండేదో అలా తేవడానికి అయ్యేదే కంపెనీ ఇవ్వాలి. మిగిలిన ప్రతి రూపాయికీ ఆధారం కావాలి. మేస్త్రికి ఫోన్‌పేలో పంపినవి, బ్యాంక్ స్టేట్‌మెంట్, సిమెంటు, వైరింగ్ బిల్లులు తీయండి. ఫైర్ స్టేషన్ ఇచ్చిన రిపోర్టు ఉందా? కాలిన రోజు తీసిన ఫోటోలు ఏ ఫోన్‌లో ఉన్నాయో ఆ ఫోన్ అమ్మకండి, మార్చకండి. ఎలక్ట్రానిక్ సాక్ష్యానికి కావలసిన భారతీయ సాక్ష్య అధినియమ్ 63వ సెక్షన్ సర్టిఫికెట్‌తో వాటిని దాఖలు చేయాలి. నిజంగా పనిచేసిన మేస్త్రి, ఎలక్ట్రీషియన్ ఇద్దరి చేతా అఫిడవిట్లు ఇప్పించండి.

2.36కూ మీ అసలు ఖర్చుకూ మధ్య తేడా ఎక్కడ వచ్చిందో సర్వేయర్ రిపోర్టులోనే తెలుస్తుంది. చాలాసార్లు అది పాతబడిన విలువ పేరుతో వేసిన తరుగు. మీ పాలసీ 2021 ఏప్రిల్ 1 నుంచి వచ్చిన భారత్ గృహ రక్ష అనే ఇంటి పాలసీ అయితే, కట్టడానికి మరమ్మతు ఖర్చు ఇస్తామని అందులో ఉంటుంది. అప్పుడు తరుగు ఏ షరతు కింద వేశారో చూపించమని అడగాలి. సర్వేయర్ రిపోర్టు తిరుగులేనిది కాదని 2009లో ప్రదీప్ కుమార్ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. మనం పోరాడవలసింది ఈ తేడా గురించే. అది ఒక లక్ష అయినా న్యాయమైన లక్ష.

వోచర్ మీద సంతకం పెట్టనందుకు మిమ్మల్ని తప్పుపట్టను. అయితే సంతకం పెట్టినంత మాత్రాన మిగతాది అడిగే హక్కు పోదని ఇన్సూరెన్స్ నియంత్రణ సంస్థ ఐ.ఆర్.డి.ఏ.ఐ. 2015 సెప్టెంబరులో కంపెనీలకు స్పష్టం చేసింది. కాబట్టి ఒప్పుకున్న 2.36 లక్షలు ముందు ఇవ్వమని, మిగతా దానికి మీ హక్కు నిలుపుకుంటున్నానని రాతపూర్వకంగా అడగండి. లోన్ ఇంకా మిగిలి ఉంటే డబ్బు బ్యాంకుకే వెళ్లవచ్చు, అందుకని కేసులో బ్యాంకును కూడా పార్టీగా చేర్చాలి. కమిషన్‌లో ఫీజు ప్రీమియాన్ని బట్టి ఉంటుంది. 5 లక్షల లోపు అయితే ఏమీ కట్టనక్కర్లేదు. ఈ-జాగృతి పోర్టల్‌లో ఇంటి నుంచే దాఖలు చేయవచ్చు.

క్లెయిమ్ ఫారం కాపీ వారంలో రాకపోతే దానికోసం ఆగకండి. కంపెనీ చేత ఆ ఫారం తెప్పించమని కేసుతోపాటే కమిషన్‌కు పిటిషన్ పెడదాం. ఉత్తరం పంపిన రసీదు, అది చేరినట్టు పోస్టాఫీసు ఇచ్చే రుజువు మాత్రం మీ దగ్గరే పెట్టుకోండి. ఈసారి మరిది చేతికి ఇవ్వకండి.