1.020 దగ్గర ఆగిపోయిన వైన్‌ని మళ్లీ పులియబెట్టడం

20 లీటర్ల ఎర్ర ద్రాక్ష వైన్ హైడ్రోమీటర్‌లో (చక్కెర ఎంత మిగిలిందో సాంద్రతతో చూపే పరికరం) 1.020 దగ్గరే 5 రోజులుగా ఆగిపోయిందన్నారు కదండీ. పైనుంచి ఇంకో ప్యాకెట్ ఈస్ట్ చల్లకండి, అందులో ఉన్న ఆల్కహాల్‌కి చాలా వరకు చచ్చిపోతుంది.

ముందు వైన్‌ని 20–22 డిగ్రీలకు తెచ్చుకోండి. ఆల్కహాల్‌ని బాగా తట్టుకునే ఈసీ-1118 రకం ఈస్ట్ 10 గ్రాములు, 38 డిగ్రీల నీళ్లు 100 మి.లీ.లో 20 నిమిషాలు నానబెట్టి, చిటికెడు చక్కెర, 100 మి.లీ. వైన్ కొద్దికొద్దిగా కలపండి. ఈస్ట్ మిశ్రమానికీ వైన్‌కీ వేడిలో తేడా 10 డిగ్రీలు దాటితే ఈస్ట్ దెబ్బతింటుంది. నురగ పొంగిన ప్రతిసారీ, ఆ మిశ్రమం ఎంతుందో అంతే వైన్ మళ్లీ పోయండి. విసుగనిపించినా ఈ మెట్లు దాటేయకండి. 2 లీటర్లయ్యాక, నురగ ఇంకా పొంగుతుండగానే మొత్తంలో కలిపేయండి.

ఇప్పుడు డీఏపీ (ఈస్ట్‌కి నత్రజని ఇచ్చే పోషకం, డైఅమ్మోనియం ఫాస్ఫేట్) మాత్రం వద్దు. ఆల్కహాల్ పెరిగాక ఈస్ట్ దాన్ని సరిగా తీసుకోలేదు, మిగిలిందంతా చెడు బ్యాక్టీరియాకి మేతవుతుంది.