కుర్చీని కిందినుంచి చూడు

చిరంజీవి మేనల్లుడికి మామయ్య ఆశీస్సులు.

బీజింగ్ నిషిద్ధ నగరంలో, అంటే చైనా చక్రవర్తుల పాత రాజభవనంలో, వారి నాటి కొయ్య సామాను చూడబోతున్నానని రాశావు. నలభై ఏళ్లుగా పాత కలపను బాగుచేస్తున్నవాడిగా చెబుతున్నాను: చెక్కడాల దగ్గరే ఆగిపోకుండా, వీలైనచోటల్లా వంగి కిందినుంచీ వెనకనుంచీ చూడు. ఆ వడ్రంగుల అసలు నేర్పు అతుకుల్లో ఉంది.

ఒక కర్ర కొసను నాలుకలా చెక్కి, మరో కర్రలో తొలిచిన తొర్రలోకి మేకు లేకుండా దింపి బిగించడం వారి పద్ధతి. బల్ల పైపలకను మాత్రం చట్రపు గాడిలోకి దూర్చి, కదలడానికి వీలుగా వదిలేస్తారు. బీజింగ్ చలికాలపు పొడిగాలికి పలక అడ్డంగా కుంచించుకుపోతుంది, వానల తేమకు ఉబ్బుతుంది. ఆ కదలికకు గాడిలో చోటు ఉంది గనుకనే శతాబ్దాల నాటి పలకలు చీలకుండా నిలిచాయి. ఈ సంగతి నాకు నష్టంతో తెలిసింది. పనిలో చేరిన కొత్తలో ఒక పాత బీరువా తలుపు పలకను సరేసు పోసి కదలకుండా అతికించాను. ఎండలు ముదిరేసరికి అది నిలువునా పగిలింది. ఆ బాధ నన్ను ఇంకా వదలలేదు.

తరువాత కలపను గమనించు. 1567లో చైనాను ఏలుతున్న మింగ్ వంశపు ప్రభుత్వం సముద్ర వ్యాపారంపై నిషేధాన్ని సడలించాక విదేశాల గట్టి కలప రాక పెరిగింది. చైనాలోనే ఉన్న హైనాన్ ద్వీపపు హువాంగ్‌హువాలి అనే కలప తేనెరంగులో ఉంటుంది; దాని చారలే అలంకారమని నమ్మిన మింగ్ పనివారు ఉలిని పొదుపుగా వాడారు, నా మనసు ఆ పనివైపే మొగ్గుతుంది. 1735లో గద్దెనెక్కిన చింగ్ వంశపు చక్రవర్తి చియన్‌లాంగ్ కాలంలో జితాన్ అనే కలపకూ నిండైన చెక్కడాలకూ ఆదరణ హెచ్చింది. చైనావారు ఈనాడు జితాన్‌గా లెక్కించేది మన శేషాచలం కొండల ఎర్రచందనాన్నే. దాని చేవ నీళ్లలో మునిగేంత బరువు, ఏళ్లు గడిచేకొద్దీ నలుపు తిరిగే ఊదా రంగు. ఆ మాను నడుమ తరచూ బోలుగా ఉంటుంది కనుక వెడల్పాటి పలక దొరకడం అరుదు; అటువంటిది కనిపిస్తే చారల వరుస ఎక్కడైనా తెగుతోందేమో నిదానంగా చూడు, రెండు ముక్కలు కలిపిన చోటు అక్కడే దొరుకుతుంది.

దేనినీ చేత్తో తాకకు. నీకు నచ్చిన ఒక్క అతుకునైనా కాగితం మీద గీసి నాకు పంపు.

ఇట్లు,
నీ మామయ్య